ఆస్కార్‌లో తొలి సహాయ నటులకు బొమ్మ కాకుండా ఫలకం ఎందుకు ఇచ్చారు?

మూడోవరుస (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. కొన్ని వారాలుగా ఆస్కార్ విజేతల పట్టికను మొదటి ఏడాది నుంచి వరుసగా చదువుకుంటూ వస్తున్నాను. 1929లో జరిగిన మొదటి వేడుక నుంచీ ఉత్తమ నటుడు, ఉత్తమ నటి ఉన్నారు గానీ, సహాయ నటుడు, సహాయ నటి అన్న మాటలు మాత్రం 1937 మార్చి 4న లాస్ ఏంజెలెస్‌లోని బిల్ట్‌మోర్ హోటల్లో జరిగిన తొమ్మిదో వేడుక దాకా ఎక్కడా కనిపించలేదు. ఆ రాత్రి ‘కమ్ అండ్ గెట్ ఇట్’ చిత్రానికి వాల్టర్ బ్రెన్నన్, ‘ఆంథొనీ అడ్వర్స్’ చిత్రానికి గేల్ సాండర్‌గార్డ్ ఆ గౌరవం అందుకున్నారు. సాండర్‌గార్డ్‌కు అది మొట్టమొదటి సినిమా కావడం ఇంకో విశేషం. అయితే వాళ్ల చేతికి వచ్చింది మనందరికీ తెలిసిన బంగారు రంగు బొమ్మ కాదు, ఒక ఫలకం.

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. ఎనిమిది వేడుకల పాటు అవసరం లేదనుకున్న విభాగం ఆ ఏడాదే ఎందుకు పుట్టింది? ఫలకంతో ఎందుకు సరిపెట్టారు? హాటీ మెక్‌డానియెల్ నల్లజాతి నటి కాబట్టే ఆమెకు బొమ్మ ఇవ్వకుండా ఫలకం ఇచ్చారని ఒక వీడియోలో విన్నాను. కానీ ఆమెకంటే ముందు గెలిచిన బ్రెన్నన్‌కూ ఫలకమే ఇచ్చారు కదా! తెలిసినవారు చెప్పగలరని మనవి.

పాతరీలు

మంచి ప్రశ్న వేశారు. మొదటి సందేహానికి జవాబు అంతకుముందు ఏడాది నామినేషన్లలో దొరుకుతుంది. 1936లో జరిగిన ఎనిమిదో వేడుకలో ఉత్తమ నటుడి విభాగానికి ప్రకటించిన పేర్లు నాలుగే కాగా, వాటిలో మూడు ఒకే సినిమాకు చెందినవి. ‘మ్యూటినీ ఆన్ ది బౌంటీ’లో ఓడ కెప్టెన్‌గా నటించిన చార్లెస్ లాటన్, తిరుగుబాటు నాయకుడిగా నటించిన క్లార్క్ గేబుల్, వాళ్లిద్దరి మధ్య నలిగే యువ అధికారిగా నటించిన ఫ్రాంచాట్ టోన్, ముగ్గురూ ఒకరితో ఒకరు పోటీ పడవలసి వచ్చింది. ఒకే ఇంటివాళ్లు ముగ్గురు నామినేషన్ వేస్తే ఓట్లు చీలి నాలుగోవాడు గెలవడం మన పంచాయతీ ఎన్నికల్లో చూడనిదేమీ కాదు. ఇక్కడా ఆ నాలుగోవాడే, ‘ది ఇన్ఫార్మర్’లో నటించిన విక్టర్ మెక్‌లాగ్లెన్ గెలిచాడు. ‘బౌంటీ’ ఉత్తమ చిత్రంగా నిలిచి కూడా మరే ఇతర పురస్కారం లేకుండా ఇంటికి వెళ్లింది. టోన్ పాత్ర మంచిదే గానీ, గేబుల్, లాటన్‌ల పాత్రలతో సమానమైనది కాదని సినిమా చూసిన ఎవరికైనా తెలుస్తుంది. అలాంటి పాత్రలకు వేరే గది కట్టాలన్న ఆలోచన బలపడటానికి ఇదే కారణమని సాధారణంగా చెబుతారు.

నా అభిప్రాయంలో దాని వెనుక ఇంకో కారణం కూడా ఉంది. ఆ కాలంలో ఆస్కార్‌లు ఇచ్చే అకాడమీకీ నటుల సంఘానికీ, రచయితల సంఘానికీ పడేది కాదు. అకాడమీ నిర్మాతల పక్షాన నిలిచే సంస్థ అని సంఘాలవారు అనుమానించేవారు. 1936 వేడుకకు రావద్దని సంఘాలు తమ సభ్యులకు పిలుపునిచ్చాయి. ‘ది ఇన్ఫార్మర్’ రచయిత డడ్లీ నికల్స్ తనకు వచ్చిన ఆస్కార్‌ను తిరస్కరించాడు. అప్పటి అకాడమీ అధ్యక్షుడు ఫ్రాంక్ కాప్రాకు నటుల ఆదరణ చాలా అవసరమైన సమయం అది. నటుల సంఘంలో కథానాయకులు గుప్పెడు మంది అయితే, వారం వారం జీతానికి స్టూడియోలలో పనిచేసే చిన్న పాత్రలవారు ఎన్నో రెట్లు ఎక్కువ. వాళ్లకంటూ రెండు పురస్కారాలు పెట్టడం రాజకీయంగా కూడా తెలివైన పని అని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే.

గోదారిగట్టు

ఫలకం సంగతి నేను చెబుతాను. అది గోడకు తగిలించుకునే పెద్ద షీల్డు లాంటిది కాదు. చేతిలో ఇమిడే పలక మీద ఆస్కార్ బొమ్మను చిన్న ఆకారంలో అతికించి ఉంటుంది. తొమ్మిదో వేడుక నుంచి 1943లో జరిగిన పదిహేనో వేడుక దాకా, అంటే ఏడు సంవత్సరాల పాటు, సహాయ నటీనటులందరికీ అదే ఇచ్చారు. 1944 మార్చి 2న గ్రామన్స్ చైనీస్ థియేటర్‌లో జరిగిన వేడుకలో చార్లెస్ కోబర్న్ (‘ది మోర్ ది మెరియర్’), కటీనా పాక్సినూ (‘ఫర్ హూమ్ ది బెల్ టోల్స్’) మొదటిసారి పూర్తి పరిమాణం గల బొమ్మను అందుకున్నారు. ఇక్కడొక తమాషా ఉంది. అది యుద్ధకాలం కావడంతో లోహం దొరకక, ఆ రోజుల్లో బొమ్మలన్నీ ప్లాస్టర్‌తో చేసి పైన రంగు వేసేవారు. అంటే సహాయ నటులకు నిలువెత్తు గౌరవం దక్కే వేళకు ఆ బొమ్మ సున్నపు బొమ్మ అయింది! యుద్ధం తర్వాత వాటికి బదులు లోహపు బొమ్మలు ఇచ్చారనుకోండి.

ఈ ఫలకాల గురించి చదివినప్పుడల్లా నాకు మా మేనమామ గుర్తొస్తాడు. ఆయన నాటక పరిషత్తు పోటీలకు తిరిగిన మనిషి. మా తాతగారి ఇంట్లో గూట్లో ఆయన గెలిచిన షీల్డు ఒకటి ఇప్పటికీ ఉంది: నల్ల పాలిష్ వేసిన చెక్క, మధ్యలో పలచటి ఇత్తడి రేకు, రేకు మూలల్లో నాలుగు చిన్న మేకులు. ఆ పోటీలో హీరో వేషం వేసినాయనకు రెండు చెవుల వెండి రంగు కప్పు ఇచ్చి, సహాయ పాత్రలకు ఈ షీల్డులు పంచారట. ఆ తేడా ఆయన చివరిదాకా మరిచిపోలేదు.

అట్లాంటా నుంచి

హాటీ మెక్‌డానియెల్ విషయంలో ఆ వీడియో చెప్పింది తప్పు. కానీ ఆ తప్పును సరిదిద్దేటప్పుడు అసలు అవమానాన్ని తుడిచిపెట్టకూడదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

‘గాన్ విత్ ది విండ్’లో మామీ పాత్రకు ఆమె 1940 ఫిబ్రవరి 29న సహాయ నటి ఆస్కార్ గెలుచుకుంది. అదే సినిమాకు, అదే విభాగంలో ఒలీవియా డి హావిలాండ్ కూడా పోటీలో ఉంది. ఆ ఏడాది సహాయ నటుడిగా గెలిచిన థామస్ మిచెల్‌కూ ఫలకమే ఇచ్చారు. కాబట్టి ఫలకం అన్నది పాత్ర స్థాయిని బట్టి వచ్చిన తక్కువతనం, జాతిని బట్టి వచ్చింది కాదు. జాతి వివక్ష కనిపించింది కుర్చీ దగ్గర. వేడుక జరిగిన అంబాసిడర్ హోటల్లోని కోకోనట్ గ్రోవ్ నల్లవారిని రానిచ్చే చోటు కాదు. నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ ప్రత్యేకంగా అడిగి అనుమతి తెప్పించాడు. అయినా ఆమె తన సినిమా బృందంతో పాటు కూర్చోలేదు. గోడ పక్కన వేసిన చిన్న బల్ల దగ్గర కూర్చుని, తలలో తెల్లటి గార్డీనియా పూలతో అక్కడి నుంచి లేచి వేదిక దాకా నడిచి వెళ్లింది. ఆమెకు ఆ ఫలకం అందించింది అంతకుముందు ఏడాది విజేత ఫే బేంటర్.

నేను పన్నెండేళ్లుగా అట్లాంటాలోనే ఉంటున్నాను. 1939 డిసెంబరులో ఆ సినిమా మొదటి ప్రదర్శన జరిగిన లోస్ గ్రాండ్ థియేటర్ ఇప్పుడు లేదు. 1978లో అగ్నిప్రమాదం తర్వాత దాన్ని పడగొట్టేశారు. ఆ స్థలంలో ఇప్పుడు జార్జియా-పసిఫిక్ టవర్ అనే ఎత్తైన కార్యాలయ భవనం ఉంది. ఆ ప్రదర్శనకు మెక్‌డానియెల్ రాలేదు, ఎందుకంటే అప్పటి జార్జియాలో ఆమెకు తెల్లవారితో కలిసి ఆ హాల్లో కూర్చునే వీలు లేదు. సెంటర్‌లో పని ఉండి ఆ భవనం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా తలెత్తి చూస్తాను, చూడటానికి అక్కడ ఏమీ లేకపోయినా.

1952లో ఆమె మరణించాక, ఆమె కోరిక ప్రకారం ఆ ఫలకం వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయానికి చేరింది. తర్వాత ఎప్పుడో అక్కడ కనిపించకుండా పోయింది. 2023లో అకాడమీ దాని స్థానంలో కొత్తది చేయించి ఆ విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఈసారి కూడా ఇచ్చింది ఫలకమే. పోయిన వస్తువు ఎలా ఉండేదో అలాగే చేయించారు. సహాయ నటిగా మరో నల్లజాతి నటి గెలవడానికి 1991 వేడుక దాకా, ‘ఘోస్ట్’లో హూపీ గోల్డ్‌బర్గ్ దాకా ఆగవలసి వచ్చింది.

కృష్ణానగర్ కుర్రాడు

బ్రెన్నన్ గురించి ఒక మాట. ఆయన 1936, 1938, 1940 సంవత్సరాల సినిమాలకు మూడుసార్లు గెలిచాడు. అయిదేళ్లలో మూడు! దానికి కారణం ఆయన గుంపులో నిలబడే ఎక్స్‌ట్రాగా, మన భాషలో చెప్పాలంటే జూనియర్ ఆర్టిస్టుగా మొదలుకావడమేనని చదివాను. ఆ రోజుల్లో జూనియర్ ఆర్టిస్టులకు కూడా ఓటు ఉండేదట, వాళ్ల సంఖ్యే ఎక్కువ కాబట్టి తమవాడిని మళ్లీ మళ్లీ గెలిపించుకున్నారట. మా నాన్నగారు ముప్ఫై ఏళ్లు జూనియర్ ఆర్టిస్టుగా చేశారు. ఉదయం అయిదింటికి బస్సు ఎక్కి, పెళ్లి సన్నివేశంలో వెనక వరుసలో కూర్చుని, రాత్రికి తిరిగొచ్చే మనుషుల చేతిలో అలాంటి ఓటు ఉండేదంటే నాకు భలే సంతోషం వేసింది.

పాతరీలు

మీ సంతోషాన్ని పాడుచేయడం నాకు ఇష్టం లేదు గానీ, తేదీలు చూస్తే ఆ కథ సగమే నిలబడుతుంది. తొమ్మిదో వేడుకకు నామినేషన్లను ఎంపిక చేసింది కాప్రా నియమించిన 50 మంది సంఘం. ఎక్స్‌ట్రాలు ఓటర్ల జాబితాలోకి వచ్చింది ఆ తర్వాతే. కాబట్టి ‘కమ్ అండ్ గెట్ ఇట్’కు వచ్చిన మొదటి ఆస్కార్‌కు మీ నాన్నగారి తోటివారి ఓటు కారణం కాదు. ‘కెంటకీ’, ‘ది వెస్టర్నర్’ చిత్రాలకు వచ్చిన తర్వాతి రెండింటిలో వాళ్ల అభిమానం పనిచేసి ఉండవచ్చని చాలామంది నమ్ముతారు. 1940ల మధ్యకల్లా వాళ్లకు ఆ ఓటు పోయింది కూడా. ఇదంతా పక్కన పెట్టి ‘ది వెస్టర్నర్’లో జడ్జి రాయ్ బీన్‌గా ఆయనను ఒకసారి చూడండి. హీరో గ్యారీ కూపర్ అయినా, సినిమా అయ్యాక మనతో పాటు ఇంటికి వచ్చేది ఆ ముసలి జడ్జే. ఎవరి ఓటూ లేకుండా కూడా గెలవగలిగిన పని అది.

ఫ్రేముకథ

ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది: ఏది సహాయ పాత్ర అన్నది ఎవరు నిర్ణయించారు? విభాగమైతే పెట్టారు గానీ, గీత ఎక్కడ గీయాలో ఆ మొదటి రాత్రే తేల్చుకోలేకపోయారు.

1937 వేడుకనే తీసుకోండి. ఉత్తమ నటిగా గెలిచిన లూయిజీ రైనర్ ‘ది గ్రేట్ జీగ్‌ఫెల్డ్’లో కనిపించేది తక్కువ సేపే. మూడు గంటల సినిమాలో ఆమె పాత్రను జనం గుర్తుపెట్టుకున్నది ముఖ్యంగా ఒక టెలిఫోన్ సన్నివేశం వల్ల: విడిపోయిన భర్త మరో పెళ్లి చేసుకున్నాడని తెలిసి, కళ్లలో నీళ్లు ఆపుకుంటూ, గొంతులో నవ్వు తెచ్చుకుని అతనికి అభినందనలు చెప్పే సన్నివేశం. అది గొప్ప నటనే, కానీ అప్పుడే తెరిచిన సహాయ నటి గదిలోకి సరిగ్గా సరిపోయే పాత్ర. ‘శాన్‌ఫ్రాన్సిస్కో’లో గేబుల్ పక్కన చర్చి ఫాదర్‌గా చేసిన స్పెన్సర్ ట్రేసీకి ఉత్తమ నటుడి నామినేషన్ వచ్చింది. మరోవైపు ‘పిగ్‌స్కిన్ పెరేడ్’లో కథ ఎవరి చుట్టూ తిరుగుతుందో ఆ స్టూవర్ట్ ఎర్విన్‌ను సహాయ నటుల జాబితాలో వేశారు. అంటే పాత్ర పొడవుతో గానీ, కథలో దాని బరువుతో గానీ నిమిత్తం లేదు. స్టూడియో ఎవరిని తారగా నిలబెట్టదలచిందో వాళ్లు పెద్ద గదిలోకి, మిగిలినవాళ్లు చిన్న గదిలోకి వెళ్లారన్నది నా వాదన.

అదే ఏడాది ‘మై మ్యాన్ గాడ్‌ఫ్రీ’ నాలుగు నటనా విభాగాలలోనూ నామినేషన్ పొందిన మొదటి సినిమా అయింది, ఒక్కటీ గెలవలేదు. 1938 సినిమాలకు ఫే బేంటర్ ప్రధాన విభాగంలో ఒక సినిమాకూ, సహాయ విభాగంలో ‘జెజెబెల్’కూ నామినేట్ అయింది, రెండోది గెలిచింది. అది రెండు వేర్వేరు సినిమాలు కాబట్టి సరే. అసలు గందరగోళం 1945లో జరిగింది. ‘గోయింగ్ మై వే’లో ముసలి ఫాదర్ పాత్రకు బ్యారీ ఫిట్జెరాల్డ్ ఒకే పాత్రతో రెండు విభాగాలలోనూ నిలబడ్డాడు! ప్రధాన విభాగంలో అదే సినిమా హీరో బింగ్ క్రాస్బీ చేతిలో ఓడిపోయి, సహాయ విభాగంలో గెలిచాడు. ఇలా మళ్లీ జరగకుండా అకాడమీ నియమం మార్చింది. ఆయన తర్వాత ఇంట్లో గోల్ఫ్ సాధన చేస్తూ, గోదారిగట్టు గారు చెప్పిన ఆ ప్లాస్టర్ బొమ్మ తల ఎగరగొట్టాడు.

చంద్రముఖి అభిమాని

ఫ్రేముకథ గారి వాదనకు మన దేశంలోనే గట్టి ఉదాహరణ ఉంది. 1954 మార్చిలో బొంబాయి మెట్రో థియేటర్‌లో జరిగిన మొదటి ఫిల్మ్‌ఫేర్ వేడుకలో ఉన్నవి అయిదు విభాగాలే: చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, సంగీత దర్శకుడు. మరుసటి ఏడాదే సహాయ నటీనటులను చేర్చారు. ‘బూట్ పాలిష్’లో జాన్ చాచాగా నటించిన డేవిడ్, ‘బాద్‌బాన్’లో నటించిన ఉషా కిరణ్ తొలి విజేతలు. ఆస్కార్‌కు ఎనిమిది వేడుకలు పట్టిన పనికి ఫిల్మ్‌ఫేర్‌కు ఒక్కటే పట్టింది.

కానీ రెండేళ్లు తిరగకముందే గొడవ వచ్చింది. బిమల్ రాయ్ ‘దేవదాస్’లో చంద్రముఖిగా నటించినందుకు వైజయంతిమాలను 1957లో ఉత్తమ సహాయ నటిగా ఎంపిక చేస్తే, ఆమె ఆ పురస్కారాన్ని తిరస్కరించారు. పారుగా నటించిన సుచిత్రా సేన్ పాత్రకు తన పాత్ర ఏ విధంగానూ తక్కువ కాదన్నది ఆమె వాదన. 1953 నాటి మన ‘దేవదాసు’ చూసినవారిని అడిగి చూడండి: సావిత్రి పార్వతి అయితే, లలిత చంద్రముఖి కేవలం సహాయమా? దేవదాసు చివరి రోజులను మోసే పాత్ర ఆమెది. పేరులోనే తక్కువతనం ఉందని ఒక నటి బహిరంగంగా చెప్పగలగడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. నేనైతే ఆమె చేసింది సరైన పనేనంటాను. రెండేళ్ల తర్వాత ‘సాధనా’కు ఆమె ఉత్తమ నటి పురస్కారమే అందుకున్నారు.

జాతీయ పురస్కారాలలో నటన విభాగం 1967 సినిమాలతో మొదలైతే, సహాయ నటీనటుల విభాగం 1984 సినిమాల దాకా రాలేదు. అక్కడా మొదటి అడుగులోనే ఇదే తడబాటు. సత్యజిత్ రాయ్ ‘ఘరే బాయిరే’లో జమీందారు నిఖిలేశ్‌గా నటించిన విక్టర్ బెనర్జీని సహాయ నటుడన్నారు, ఆ కథ నిలబడే మూడు స్తంభాలలో ఆయన ఒకడు. ‘పార్టీ’కి సహాయ నటిగా ఎంపికైన రోహిణీ హట్టంగడి విషయంలో ఎవరికీ పేచీ ఉండదనుకుంటాను. తెలుగు నుంచి పి.ఎల్. నారాయణ గారు ‘యజ్ఞం’ సినిమాకు 1991 సంవత్సరపు జాతీయ ఉత్తమ సహాయ నటుడు అయ్యారు.

విరాటపర్వం

సహాయ విభాగం లేకపోవడమే మేలు చేసిన సందర్భం ఒకటి నేను చెబుతాను. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో కథానాయకుడు బృహన్నలగా ఎన్.టి. రామారావు, సైరంధ్రిగా సావిత్రి. ఎస్.వి. రంగారావు కీచకుడు, అంటే ప్రతినాయకుడు. ఉత్తర గోగ్రహణం మొదలుకాక ముందే భీముడి చేతిలో చచ్చిపోయే పాత్ర. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఏషియన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి పురస్కారం ఆ కీచకుడికే వచ్చింది. అక్కడ రెండు గదులు ఉండి ఉంటే ఆయనను తప్పకుండా చిన్న గదిలోకే పంపి ఉండేవారు. భాష తెలియని న్యాయనిర్ణేతలకు పోస్టరు మీద ఎవరి పేరు పెద్దదో తెలియదు కాబట్టి, తెర మీద కనిపించినదాన్ని బట్టే తీర్పు చెప్పారని నేను అనుకుంటాను.

ఇంకొక మాట. మన భాషలో ‘సహాయ నటుడు’ అన్నది అనువాదపు మాట. షూటింగు దగ్గర ఆ మాట ఎవరూ వాడరు. క్యారెక్టర్ ఆర్టిస్టు అంటారు. నంది పురస్కారాలలో నటీనటులను 1977 నుంచి చేర్చాక, తర్వాతి కాలంలో సహాయ నటుడు, గుణచిత్ర నటుడు, ప్రతినాయకుడు, హాస్యనటుడు అని వేర్వేరు విభాగాలు ఏర్పడ్డాయి. వీటిలో గుణచిత్ర నటుడు అన్న మాట నాకు ఇష్టం, ఎందుకంటే అది ఎవరికో సహాయం చేసినవాడని చెప్పదు. అయితే గుణచిత్ర నటుడికీ సహాయ నటుడికీ మధ్య సరిహద్దు ఎక్కడో నేను ఇప్పటికీ ఎవరికీ వివరించలేను.

మూడోవరుస

అందరికీ కృతజ్ఞతలు. నా పట్టికలో ‘ఫలకం’ అన్న వరుసను 1937 నుంచి 1943 వేడుకల దాకా సరిచేసుకున్నాను. టోన్ పేరు పక్కన ఒక గుర్తు పెట్టుకుని, ఈ వారాంతంలో ‘బౌంటీ’ మళ్లీ చూడబోతున్నాను. గోదారిగట్టు గారూ, మీ మేనమామగారి షీల్డు మీద ఏమి చెక్కి ఉందో వీలైతే చెబుతారా?

గోదారిగట్టు

మీరు అడిగారని నిన్న సాయంత్రం దించి, తడిగుడ్డతో తుడిచి చూశానండీ. ఇత్తడి రేకు మీద పరిషత్తు పేరు, సంవత్సరం, కింద ‘ఉత్తమ సహాయ నటుడు’ అని ఉన్నాయి. పోటీలకు ముందే అన్నీ ఒకేసారి చేయించి పెట్టేవారు కాబట్టి పేరు ఉండవలసిన చోటు ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీలో కంపాస్ ములుకుతో గీకినట్టు, వంకర అక్షరాలతో మా మావయ్య తన పేరు తానే రాసుకున్నాడు.